వాకిట్లోకొచ్చిన మేస్త్రి

మొన్న దసరా సెలవులకు ఊరికి పోతే నాయిన ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇరవై రోజులుగా దాన్ని దేవుడి గూట్లో దాచాడట. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, పైన నా పేరు, మా ఊరి ఇంటి నంబరు. టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఖాతా తెరవడానికి ఆ చిరునామా ఇచ్చాను, ఇప్పటికీ బ్యాంకు రికార్డుల్లో అదే ఉంది. సర్కారు కాగితమేమో, ట్రాన్స్‌ఫర్ ఆర్డరేమోనని నాయినకు టెన్షన్. ఆయనకు చదువు రాదు. పక్కింటి పిల్లవాడితో చదివిద్దామంటే, లోపల ఏముందో ఊరంతా తెలుస్తుందని ఊరుకున్నాడు.

విప్పి చూశాను. "అభినందనలు! మీకు 5,00,000 రూపాయల వ్యక్తిగత రుణం మంజూరైంది."

"ఏముంది బిడ్డా?"

"ఏం లేదు నాయినా. అయిదు లక్షలు అప్పిస్తం, తీసుకో అంటున్నరు."

"నువ్వడిగినవా?"

"లేదు."

నాయిన కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అడగకుంట పైసలు పట్టుకొని ఇంటికొచ్చేటోడు అప్పట్ల ఒక్కడే ఉండె. మేస్త్రి," అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. పాలమూరు బయటివాళ్లకు అది పట్టుబడాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది మద్దూరు వైపు. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట. మా దిక్కు మనుషులకు దేశమంతటా ఒకటే పేరు, పాలమూరు లేబర్. నాగార్జునసాగర్ దగ్గర రాళ్లు మోసిందీ వాళ్లే, శ్రీశైలంలో కాంక్రీటు తట్టలు ఎత్తిందీ వాళ్లే. నాయిన పదిహేడేళ్ల వయసులో శ్రీశైలం డ్యామ్ పనికి పోయాడు, ఆ తర్వాత పూనా, ఆ తర్వాత బొంబాయి. ఆయన పని వెతుక్కుంటూ పోలేదు. పనే అడ్వాన్సు రూపంలో ఇంటికి వచ్చింది. పనికి మనుషులను కూడగట్టే గుంపు మేస్త్రి వాకిట్లో మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, రుమాల్లోంచి నోట్లు తీసి తాత చేతిలో పెట్టేవాడట. ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగాల్సిన అవసరం రాకముందే వచ్చేవాడు.

ఎట్లా తెలుసు ఆయనకు? ఎవరింట్లో జొన్నల గుమ్మి అడుగంటిందో తెలుసు. ఏ ఇంట్లో పిల్ల పెండ్లికొచ్చిందో, ఎవరి ఎద్దు చచ్చిపోయిందో, ఎవరింట్లో బరువెత్తగల మగపిల్లలు ఎందరున్నారో తెలుసు. ఊళ్లో వంద గడపలుంటే అన్నింటికీ పోడు. ఇస్తే ఎవరు కాదనలేరో, ఎవరు తీర్చేదాకా పని చేయగలరో లెక్కేసుకుని ఆ గడపలే ఎక్కుతాడు. వేలిముద్ర పడ్డాక ఎన్నాళ్లు పని చేస్తే బాకీ తీరుతుందో రాసుకునే చిట్టా ఆయన దగ్గరే ఉంటుంది. సీజన్ చివర లెక్క చూస్తే, జబ్బు పడ్డ రోజులు, తిండి ఖర్చు, దారి ఖర్చు పోగా ఇంకా కొంత మిగిలే ఉండేది. మళ్లీ దసరాకు మేస్త్రి వచ్చేవాడు.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని ఎప్పుడైనా చూడండి. అందులో నిర్వచనాలు మొదలయ్యేదే "అడ్వాన్సు" అనే మాటతో. చట్టం రాసినవాళ్లకు తాడు ఎక్కడ కట్టి ఉందో తెలుసన్నమాట.

స్టాఫ్ రూమ్‌లో ఈ సంగతి చెబితే మా లెక్కల సార్ నవ్వాడు. "బ్యాంకును మేస్త్రితో పోలిస్తే ఎట్ల మేడమ్? వాళ్లు మిమ్మల్ని డ్యామ్ మీదికి తోల్కపోతరా? నచ్చకుంటే చింపి పారెయ్యండి. ఎవడన్నా మెడ మీద కత్తి పెట్టిండా?"

సగం నిజమే. నా జీతం నాకొస్తుంది, నన్నెవరూ పూనా తీసుకుపోరు, బాకీ కోసం నా పిల్లవాడిని తట్ట ఎత్తమనరు. నాయిన అనుభవించిందాన్ని నా ఇబ్బందితో సమానం చేస్తే అది ఆయనకు అవమానం. కానీ మేస్త్రి కూడా ఎప్పుడూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఆయన బలమంతా ముందుగా తెలుసుకోవడంలో, సమయం చూసి రావడంలో ఉంది. కవరు పంపినవాళ్ల బలమూ అక్కడే ఉంది.

నా గురించి వాళ్లకేం తెలుసు? చాలానే తెలుసు. నా జీతం పడేది వాళ్ల ఖాతాలోనే. ఏ తేదీన పడుతుందో, ఇరవయ్యో తేదీకి ఎంత మిగులుతుందో, జూన్‌లో పిల్లల ఫీజులు కట్టాక ఎంత అడుగంటుతుందో వాళ్ల కంప్యూటర్‌కు నాకంటే బాగా తెలుసు. అది చాలకపోతే క్రెడిట్ బ్యూరోలున్నాయి. మన దేశంలో ఇవి నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన చట్టం కింద నడుస్తాయి. మనం ఎక్కడ అప్పు తీసుకున్నా, ఏ కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యంగా కట్టినా అప్పిచ్చినవాళ్లు వీటికి చెబుతారు. ఇదివరకు నెలకోసారి చెప్పేవారు, 2025 జనవరిలో అది పదిహేను రోజులకోసారి అయింది. వాటన్నిటినీ పిండి 300 నుంచి 900 మధ్య ఒక నంబరు తీస్తారు. అప్పు ఎవరికి ఇవ్వొచ్చో ఆ నంబరు చూసి తేలుస్తారు. మేస్త్రి చిట్టా కూడా ఇంత నిక్కచ్చిగా ఉండేది కాదేమో. (ప్రతి బ్యూరో నుంచీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. ఎంత మందికి తెలుసు? నేనూ మొన్నటిదాకా తీసుకోలేదు.)

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఒడ్డున కూర్చుని ఈత గురించి చెప్పినట్టుంటుంది.

2022 జూన్‌లో మహబూబ్‌నగర్‌లో మా ఇంటి స్లాబు కారడం మొదలైంది. మేస్త్రి (ఇతను ఇళ్లు కట్టే మేస్త్రి, వేరు) వచ్చి చూసి లక్షా ఇరవై వేలవుతుందన్నాడు. చేతిలో అంత లేదు. అక్కను అడుగుదామా, సొసైటీ లోన్ పెడదామా అని ఆలోచిస్తున్న రాత్రే బ్యాంకు యాప్ తెరిచాను. తెరవగానే ఎదురుగా ఎర్రటి డబ్బా: "మీకోసం 3,00,000 సిద్ధంగా ఉంది." కావాల్సింది లక్షా ఇరవై వేలే. కానీ తెర మీద మొత్తాన్ని చూపే గీతను వెనక్కి జరిపి తగ్గించుకోవాలంటే ఏదో చిన్నతనంలా అనిపించింది. ఇంత నమ్మి ఇస్తుంటే తక్కువ అడగడమేమిటి అనిపించింది. నవ్వొస్తుంది ఇప్పుడు. ఓటీపీ కొట్టాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఖాతాలో పడింది 2,85,420. ప్రాసెసింగ్ ఫీజు ఆరు వేలు, దాని మీద జీఎస్టీ 1,080, నేను అడగని బీమా 7,500 ముందే కోసుకున్నారు. వడ్డీ 16 శాతమన్నారు. నెలకు 10,547 చొప్పున ముప్పై ఆరు నెలలు కట్టాను. మొత్తం 3,79,692. చేతికొచ్చిన దానికంటే 94,272 ఎక్కువ.

మా ఊళ్లో వడ్డీని శాతాల్లో చెప్పరు. మిత్తి అంటారు, నూటికి నెలకు ఎన్ని రూపాయలని అడుగుతారు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. అక్షరం రాని మా పెద్దమ్మకు కూడా ఈ లెక్క నోటికి వచ్చు. ఆ లెక్కన 16 శాతమంటే రూపాయి ముప్పైమూడు పైసల మిత్తి, బాగానే ఉంది. కానీ కోసుకున్న డబ్బులు పోగా చేతికొచ్చిన సొమ్ము మీద లెక్క కడితే నిజమైన వడ్డీ ఏడాదికి దాదాపు 19.6 శాతం. అంటే రూపాయి అరవై పైసలు దాటింది. దాన్ని కనుక్కోవడానికి బీఎస్సీ లెక్కలు చదివిన నాకు ఒక సాయంత్రం పట్టింది. అదీ అప్పు తీరాక.

దానికంటే నన్ను బాధించేది వేరే ఉంది. స్లాబుకు అయ్యింది అనుకున్నట్టే లక్షా ఇరవై వేలు. అంతే తీసుకుని ఉంటే నెలకు 4,219 కట్టేదాన్ని. మిగిలిన లక్షా అరవై అయిదు వేలు ఏమయ్యాయని అడిగితే సరిగా చెప్పలేను. ఒక ఫ్రిజ్ వచ్చింది. ఒక ఫోన్ వచ్చింది. మా ఆయన తమ్ముడికి కొంత సర్దాం. తిరుపతి పోయొచ్చాం. తక్కింది వచ్చినట్టే పోయింది. అవసరం కొద్దీ అప్పు తేవడం మా వంశంలో కొత్త కాదు. అప్పును బట్టి అవసరం పుట్టించుకోవడం నాతోనే మొదలైంది.

2025లో ఆఖరి కిస్తీ కట్టిన కొద్ది నెలలకే ఈ బంగారు అంచు కవరు. ఈసారి అయిదు లక్షలు.

"మంజూరైంది" అనే మాట దగ్గర కాసేపు ఆగుతాను. మా దిక్కు ఆ మాటకు చాలా బరువుంది. పింఛను మంజూరవుతుంది, ఇల్లు మంజూరవుతుంది, బోరు మంజూరవుతుంది. అంటే మనం దరఖాస్తు పెట్టి, మండలాఫీసు చుట్టూ తిరిగి, ఎవరికో దండం పెట్టి, చివరికి దక్కించుకున్నదన్నమాట. ఆ మాటను తీసుకొచ్చి, ఎవరూ అడగని అప్పు నెత్తిన పెట్టారు. పోనీ నిజంగానే మంజూరైందా అంటే అదీ కాదు. కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లిషులో రాసి ఉంది. పై మొత్తం సూచన మాత్రమేనట, తుది నిర్ణయం తమదేనట, వడ్డీ రేటు అప్పుడు చెబుతారట. అభినందనలేమో తెలుగులో, షరతులేమో ఇంగ్లిషులో.

మా చిన్నాయిన కొడుకు డల్లాస్ దగ్గర ఉంటాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే వాడు పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అక్కా, ఇక్కడ పోస్ట్ బాక్స్ నిండా అవే. ఒక్కోసారి నా పేరు మీద చెక్కే పంపుతారు. బ్యాంకులో వేసుకున్నామా, అప్పు మొదలైనట్టే." అమెరికాలో ఈ కథ పాతదే. 1958 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో అనే ఊళ్లో బ్యాంక్ ఆఫ్ అమెరికా అరవై వేల క్రెడిట్ కార్డులను అడగకుండానే ఇళ్లకు పోస్టులో పంపింది. అదే తర్వాత వీసా అయింది. మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి. 1966లో షికాగో బ్యాంకులు ఎంత ఎగబడి పంపాయంటే చిన్న పిల్లల పేర్ల మీదా, చనిపోయినవాళ్ల పేర్ల మీదా కార్డులు పోయాయి, దొంగలు పండగ చేసుకున్నారు. చివరికి 1970లో, అడగనివాళ్లకు క్రెడిట్ కార్డు పంపకూడదని చట్టం తెచ్చారు. కార్డులు ఆగాయి. చెక్కులు ఆగలేదు, చట్టంలో ఉన్నది కార్డు మాటే కాబట్టి.

ఒక్క మంచి పని మాత్రం చేశారు. బ్యూరో జాబితా చూసి పంపే ప్రతి ఉత్తరంలోనూ "ఇలాంటివి వద్దంటే ఈ నంబరుకు చెప్పండి" అని రాసి తీరాలి. ఫోన్ చేస్తే అయిదేళ్లు ఆ జాబితాల్లోంచి పేరు తీసేస్తారు, కాగితం మీద సంతకం పెట్టి పంపితే శాశ్వతంగా. మా తమ్ముడు పదకొండేళ్లుగా అక్కడున్నాడు, ఆ మాట ఎప్పుడూ చదవలేదట. నేను చెప్పాక చేశాడు.

మన దగ్గరా నియమాలు లేవని కాదు. అడగని క్రెడిట్ కార్డు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పటినుంచో చెబుతోంది. 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఒప్పుకోలు లేకుండా కార్డు ఇచ్చి బిల్లు వేస్తే ఆ బిల్లు రద్దు చేయడమే కాదు, దానికి రెట్టింపు జరిమానా వినియోగదారుడికి కట్టాలి. అదే ఏడాది సెప్టెంబరులో డిజిటల్ అప్పులకు మార్గదర్శకాలు వచ్చాయి. మనల్ని అడగకుండా పరిమితి పెంచకూడదు. డబ్బు మన ఖాతాలోకే నేరుగా రావాలి. తీసుకున్నాక మనసు మారితే వెనక్కి ఇచ్చేయడానికి కొంత గడువుండాలి. 2024 అక్టోబరు నుంచి కొత్త అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి, ఫీజులన్నీ కలిపిన ఏడాది వడ్డీ ఎంతో అందులో రాయాలి, అదీ అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో. నేను ఒక సాయంత్రం కూర్చుని తీసిన 19.6 ఇప్పుడు వాళ్లే రాసివ్వాలన్నమాట. ఇవన్నీ మంచివే.

కానీ ఇవన్నీ మనం గడప దాటి లోపలికి అడుగు పెట్టాక పనికొచ్చేవి. అడగనివాడికి అప్పు ఇవ్వకూడదు. కానీ అడగనివాడి ఇంటికి పోయి "తీసుకో, తీసుకో" అని మాత్రం అనొచ్చు. ఆ రెండింటికీ మధ్య ఒకప్పుడు చాలా దూరం ఉండేది. ఇప్పుడు ఒక ఓటీపీ ఉంది. కార్డు కవరులో పెట్టి పంపితే తప్పు, ఎర్ర డబ్బాలో పెట్టి ఫోన్‌లో చూపిస్తే సేవ.

వద్దనడానికి 1909 ఉంది. స్టార్ట్ 0 అని ఆ నంబరుకు మెసేజ్ పెడితే ప్రకటన కాల్స్, మెసేజ్‌లు ఆగాలి. పెట్టాను. ఊరూ పేరూ లేని సంస్థల కాల్స్ చాలా తగ్గాయి. ఎర్ర డబ్బా తగ్గలేదు, అది యాప్ లోపల ఉంది. పోస్టులో వచ్చే కవరుకు 1909తో పనే లేదు.

దీనికి ఎదురు మాట ఒకటుంది. అది లెక్కల సార్ చెప్పిన మాటకంటే గట్టిది. చెప్పింది మా అమ్మ.

"అడుగుడు ఎంత కష్టమో నీకేం ఎరుక?" అంది.

తొంభైల్లో నాయిన బోరు కోసం బ్యాంకు లోన్‌కు తిరిగాడు. పట్టా పాసుపుస్తకం, పహాణీ, చుట్టుపక్కల బ్యాంకులన్నింటి నుంచి బాకీ లేదని కాగితం. పదకొండు సార్లు పోయాడు. ప్రతిసారీ బయట చెట్టు కింద కూర్చోబెట్టారు. చివరికి అమ్మ పుస్తెలు సేటు దగ్గర గిరివి పెట్టి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. ఆ పుస్తెలు విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లు అమ్మ పసుపు కొమ్ము కట్టుకుని తిరిగింది. అలాంటి ఇంటికి బ్యాంకు బంగారు అంచు కవరు పంపి, పేరు చివర గారు అని రాస్తే అది మర్యాద కాదా?

మర్యాదే. ఆ రాత్రి యాప్ తెరిచినప్పుడు నాకు నచ్చిందీ అదే, దాచుకోను. మా నాయినను చెట్టు కింద కూర్చోబెట్టినవాళ్లు నాకు కుర్చీ వేశారనిపించింది. అయితే అమ్మ చూడని సంగతి ఒకటుంది. ఆ కవరు నాయిన ఇంటికొచ్చింది కానీ నాయినకు రాలేదు. మూడెకరాల చెలక, పత్తికి పెట్టుబడి ప్రతి వానాకాలం వెతుక్కోవాల్సిందే, ఆయన పేరు మీద ఒక్క కవరూ రాలేదు. ఆయన ఇవాళ అడగడానికి పోయినా కాగితాలు తేవాల్సిందే. ఒకటో తేదీన జీతం పడేదానికి అయిదు లక్షలు నడిచొచ్చాయి. అడగడంలో కష్టం తీసెయ్యాలంటే నాయిన లాంటివాళ్లకు తీసెయ్యాలి. నాకు తీసేశారు.

అదీ కాక అడగడంలో కష్టంతో పాటు ఇంకోటి కూడా ఉండేది. అక్కను అడగాలంటే ముందు ఎంత కావాలో నేను తేల్చుకోవాలి. ఎందుకని ఆమె అడుగుతుంది, ఎప్పుడిస్తావని అడుగుతుంది. అమ్మ వాళ్ల మహిళా సంఘంలో ఇప్పటికీ అప్పు కావాలంటే పదిమంది ముందు లేచి కారణం చెప్పాలి. నామోషీగానే ఉంటుంది. ఆ నామోషీలోనే మూడు లక్షలు లక్షా ఇరవై అవుతుంది. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు ఆ నామోషీ లేకుండా చేశారు. ఇంటింటికీ వచ్చి ఇచ్చారు, ఒకదాన్ని తీర్చడానికి ఇంకొకటి ఇచ్చారు. ఆ అక్టోబరులో వాళ్లను కట్టడి చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. మా అమ్మ వాళ్ల గల్లీలో అప్పుడు తలుపులు వేసుకుని దాక్కున్న ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటెత్తితే మాత్రం అమ్మ మాట్లాడదు.

నేను అడిగేది చాలా చిన్నది. అప్పులు ఆపమనడం లేదు, యాప్‌లు మూసేయమనడం లేదు. నాకు అప్పు ఎంత వస్తుందో తెలుసుకోవాలంటే నేనే అడుగుతాను, అప్పుడు చెప్పండి. నేను అవునన్నదాకా నా జీతం లెక్క చూసి నా కోసం అప్పు వండిపెట్టొద్దు. ఇప్పుడు వద్దన్నవాళ్లను వదిలేస్తామంటున్నారు. అట్లా కాదు, కావాలన్నవాళ్లకే పంపాలి. వద్దనే భారం నా మీద ఎందుకు? బ్యాంకులు నష్టపోతాయంటారా? అడగకుండా ఇస్తేనే నడిచే వ్యాపారమైతే, ఆ సొమ్ము ఎవరి జేబులోంచి వస్తోందో నా 94,272 చూస్తే తెలుస్తుంది.

సెలవులయ్యాక కవరు తీసుకుని బ్రాంచికి పోయాను. మేనేజరు మంచివాడే, కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"ఇవి సిస్టమ్ పంపిస్తది మేడమ్. మా చేతిల లేదు. అయినా మీ స్కోర్ మస్తుంది, తీసుకోరాదు?"

"వద్దని రాసిస్తాను సార్, తీసుకుంటారా?"

అలాంటి దరఖాస్తుకు ఫారం లేదన్నాడు. తెల్లకాగితం అడిగి, తెలుగులోనే రాశాను. నా ఖాతా నంబరు వేసి, ఇకపై నేను అడగనిదే ఏ రుణ ప్రకటనా ఉత్తరంలో గానీ యాప్‌లో గానీ ఫోన్లో గానీ నాకు పంపొద్దని. ఆయన రెండుసార్లు చదివి, ముద్ర వేయడానికి వెనకాడి, పై ఆఫీసు చిరునామా రాసిచ్చాడు. బయటికొచ్చి హెడ్ పోస్టాఫీసులో రసీదు కార్డు అంటించి రిజిస్టరు చేశాను.

ఊరికి ఫోన్ చేసి కవరు సంగతి చెబితే నాయిన దాని గురించి ఏమీ అడగలేదు. లోపలి కాగితం తీసుకుపోతే పొయ్యావు, ఆ అట్ట మంచిగుండె, పాల లెక్క రాసుకోను పనికొచ్చేది, అన్నాడు.

తొమ్మిది రోజులకు రసీదు కార్డు వెనక్కి వచ్చింది. అందిందని ఎవరో ఆకుపచ్చ సిరాతో పొట్టి సంతకం పెట్టారు. నా ఉత్తరానికి జవాబు మాత్రం ఇంకా రాలేదు.